జట్టు వెనుక జట్టు

రథోత్సవమునాడు వీథిలో నిలిచిన జనుల చూపులెల్ల రథముమీదనే యుండును. మోకులు పట్టి లాగువారిని కొందఱు చూతురు. కాని చక్రముల ప్రక్కన వంగి నడచుచు, రథము ఒరిగినప్పుడును, పల్లమున వేగము హెచ్చినప్పుడును చక్రము క్రింద చెక్క నుంచి దానిని అదుపులో నుంచువారిని గమనించువారు అరుదు. వారు క్షణకాలము ఏమఱినచో ఉత్సవమే ఉపద్రవమగును. లోకమున పెద్ద కార్యములన్నియు ఇట్టివే. కనబడువారు కొందఱు, కనబడక కాపాడువారు మఱికొందఱు. క్రీడలయందును ఈ ధర్మమే చెల్లుచున్నది. కళాశాల విద్యార్థినుల బాస్కెట్‌బాల్ జట్టును ఉదాహరణముగా గైకొని దీనిని విచారింతము.

బాస్కెట్‌బాల్ ఆట మన విద్యార్థులకు పరిచితమైనదే. అమెరికా కళాశాలలలో ఆట జరుగు అంగణము 94 అడుగుల పొడవును, 50 అడుగుల వెడల్పును గలిగి యుండును. రెండు కొసలయందును నేలనుండి 10 అడుగుల ఎత్తున ఇనుపవలయము లుండును. స్త్రీల ఆట నాలుగు భాగములుగా మొత్తము 40 నిమిషములు సాగును. బంతి చేజిక్కిన జట్టు 30 సెకనులలో దానిని వలయమునకు గుఱిచూచి వేయవలయును. ఒక్కొక్క పక్షమున ఒకేసారి ఆడువారు ఐదుగురే. కాని ఒక పెద్ద విశ్వవిద్యాలయపు జట్టు పరస్థలమునకు ప్రయాణమైనప్పుడు చూచినచో, ఆడువారితోపాటు ఆడనివారును పలువురు కనబడుదురు. వీ రెవరు? వీరి పని యేమి? ఇందఱు ఏల కావలసివచ్చిరి?

ఈ ఆట పుట్టిన కాలమున ఇందఱు లేరు. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగుఫీల్డు పట్టణమందు, జేమ్సు నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున లోపల ఆడుకొనుటకు తగిన ఆట నొకదానిని కల్పించెను. పీచిపండ్ల బుట్టలు రెండు మేడవసారా కమ్ములకు కొట్టించి, 13 నియమములు వ్రాసి, విద్యార్థులచే ఆడించెను. మఱుసటి యేడే ఆ సమీపమున నార్తాంప్టను పట్టణమందలి స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను యువతి ఉపాధ్యాయినిగా చేరెను. ఆమె 1868లో లిథువేనియా దేశమున జన్మించి, చిన్నతనముననే బోస్టను నగరమునకు వచ్చినది. శరీరము దుర్బలమగుటచే పియానో అభ్యాసమును మానుకొనవలసివచ్చిన ఆ యువతి, వ్యాయామ శిక్షణాలయమున చేరి ఆరోగ్యమును, దానితోపాటు వృత్తిని సంపాదించుకొన్నది. నెయిస్మిత్ కల్పించిన ఆటను గుఱించి చదివి, దానిని స్త్రీలకు నేర్పదలచెను.

1893 మార్చి 22వ తేదీన స్మిత్ కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థినులకును, రెండవ సంవత్సరపు విద్యార్థినులకును పోటీ జరిగెను. పురుషులకు ప్రవేశము లేదు. బెరెన్సన్ బంతిని పైకి విసరి ఆటను ప్రారంభించినంతనే అది ఎత్తిన చేతికి తగిలి, నడుమ నిలిచిన క్రీడాకారిణి భుజపు కీలు తప్పెను. ఆ బాలికను గదిలోనికి గొనిపోయి, కీలును లాగి సరిచేసి, ఆమె స్థానమున మఱియొకతెను నిలిపి ఆటను సాగించిరి. ఆనాడు శిక్షకురాలు, నిర్ణేత, నియమకర్త, ఉపచారకర్త్రి అన్నియు ఒక్క బెరెన్సనే. ఆటగత్తెలు మిక్కిలి అలసిపోకుండుటకై ఆమె అంగణమును మూడు భాగములుగా విభజించి, ఎవరి భాగమున వారే యుండవలయునని కట్టడి చేసెను. ఎదుటివారి చేతినుండి బంతిని లాగికొనరాదనియు నియమించెను. 1901లో ప్రకటితమైన స్త్రీల బాస్కెట్‌బాల్ నియమగ్రంథమునకు ఆమెయే సంపాదకురాలు. స్త్రీల దేహము పరుగునకు ఓర్వజాలదను భావము ఆ కాలమున బలముగా నుండెను. అందుచే ఇట్టి కట్టడులు మార్పులతో చాలకాలము నిలిచెను. అమెరికా కళాశాలల స్త్రీలు పురుషులవలె ఐదుగురేసి చొప్పున అంగణమంతటను ఆడుట 1971లోగాని స్థిరపడలేదు.

1972 జూన్ 23వ తేదీన ఆ దేశమున ఒక శాసనము వచ్చెను. ప్రభుత్వద్రవ్యము నందుకొను విద్యాలయములు ఏ విద్యాకార్యక్రమమునందును స్త్రీయని గాని, పురుషుడని గాని ఎవరిని త్రోసిపుచ్చరాదని దాని సారాంశము. శాసనమున క్రీడల ప్రసక్తి ప్రత్యేకముగా లేకున్నను, క్రీడలును విద్యలో భాగమే గనుక అది వానికిని వర్తించెను. శాసనము ద్వారమును తెఱచినది. కాని తెఱచిన ద్వారమున ప్రవేశించి ఇల్లు చక్కబెట్టుటకు మనుష్యులు కావలయును గదా!

1974లో టెన్నెస్సీ విశ్వవిద్యాలయము తన స్త్రీల జట్టును 22 సంవత్సరముల యువతికి అప్పగించెను. ఆమె పేరు పాట్రిషియా హెడ్. వివాహానంతరము పాట్ సమ్మిట్ అను పేర లోకప్రసిద్ధి గాంచినది ఈమెయే. 1952లో టెన్నెస్సీ రాష్ట్రమున కర్షక కుటుంబమున పుట్టి, పొలముపనులు చేయుచు పెరిగినది. తాము నివసించు చోటి పాఠశాలలో బాలికలకు జట్టు లేనందున, ఆమె ఆడుకొనుటకై తల్లిదండ్రులు నివాసమునే మార్చిరి. అట్టి యింటి బిడ్డ ఆమె.

నాక్సువిల్ నగరమందు ఆమెకు దొరకిన నెలజీతము 250 డాలర్లు. పై తరగతి పట్టమునకై చదువుచు, పాఠములు చెప్పుచు, జట్టును నడపవలసియుండెను. శిక్షణ యిచ్చునదియు ఆమెయే. పోటీలకు పోవునప్పుడు బండిని తోలునదియు ఆమెయే. తిరిగివచ్చిన పిమ్మట ఆటదుస్తులు ఉదుకునదియు ఆమెయే. ఆ దుస్తులైనను మిఠాయి లమ్మి కూడబెట్టిన సొమ్ముతో కొన్నవి. జట్టులోని వారు కొందఱు ఆమెకంటె ఒక్క యేడాది మాత్రమే చిన్నవారు. మొదటి పోటీలో ఆమె జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయెను.

ఒక్క మనుష్యుడు పదిమంది పనిని ఎంత శ్రద్ధతో చేసినను, అది పదిమంది చేసినట్లు కాజాలదు. బండి తోలి అలసిన కన్ను ఆటలోని సూక్ష్మమును చూడలేదు. అందుచే విశ్వవిద్యాలయములు స్త్రీల క్రీడలకు ద్రవ్యమును కేటాయించినకొలది, ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు ఏర్పడిరి. ఆ యేర్పాటు ఎట్టిదో చూతము.

మొదటి స్థానము ప్రధానశిక్షకురాలిది. ఎవరిని ఆడింపవలయునో, ఎప్పుడు మార్పవలయునో, ఏ వ్యూహమున పోవలయునో తుదినిర్ణయము ఆమెది. గెలుపు పదుగురిది; ఓటమికి జవాబు చెప్పవలసినది ఆమె యొక్కతెయే.

ఆమెకు కుడిభుజము లనదగినవారు సహాయశిక్షకులు. 2023లో కళాశాల క్రీడాసంఘము మువ్వురు సహాయశిక్షకులకు తోడు మఱి యిద్దరిని నియమించుకొనుటకు అనుమతించెను. వీరు పనులు పంచుకొందురు. ఒకరు వలయము చేరువ నాడు పొడుగరులను తీర్చిదిద్దుదురు. ఒకరు దూరమునుండి గుఱిచూచి వేయువారికి మెలకువలు నేర్పుదురు. రాబోవు పోటీలలో ఎదుటిజట్టు బలాబలములను పరిశీలించు పనిని విడివిడిగా పంచుకొందురు. ఎదుటివారిలో ఎవరు ఎడమచేతివాటము గలవారు, ఎవరు అలసినప్పుడు తొట్రుపడుదురు, సంకటసమయమున బంతి ఎవరి చేతికి పోవును, ఈ సంగతులన్నియు ముందుగనే వ్రాసి యుంచుదురు. ఉన్నతపాఠశాలలలోని క్రొత్త క్రీడాకారిణులను వెదకి, వారి తల్లిదండ్రులతో మాటలాడి, కళాశాలకు తెచ్చు భారమును కొందఱు వహింతురు. ఒకరి బిడ్డను నాలుగేండ్లు తమ రక్షణలోనికి తీసికొనుచున్నామను ఎఱుక ఆ పనికి ముఖ్యము.

సహాయశిక్షకుల విధులలో వేఱొక కష్టమైన విధి కలదు. ప్రధానశిక్షకురాలు పొరబడినప్పుడు ఆ మాటను ఆమె యెదుట చెప్పుట. ధృతరాష్ట్రుని కొలువులో ఇచ్చకము లాడువారు పెక్కండ్రు. హితము చెప్పినవాడు విదురుడు. విదురుని మాట వినకపోవుట ఎంత కీడు తెచ్చెనో విద్యార్థు లెఱుగుదురు. తన మాట కెల్ల తల యూపువారినిగాక, ఎదురుచెప్పగల వారినే సమ్మిట్ తనచుట్టు నుంచుకొనెను. ఆటలో విరామము దొరకినప్పుడు చాల జట్లలో ఒక పద్ధతి కనబడును. క్రీడాకారిణులు కూర్చుండి దప్పి తీర్చుకొనుచుండగా, శిక్షకు లందఱు దూరముగా గుమిగూడి కొన్ని సెకనులు తమలో తాము ఆలోచింతురు. పిమ్మట ప్రధానశిక్షకురా లొక్కతెయే జట్టు ముందునకు వచ్చి మాటలాడును. వాదము వెనుక జరుగును; జట్టు చెవిని పడునది ఒక్కమాటయే.

తరువాతివారు ట్రైనరు. ఈ పేరు విని ఆట నేర్పువారని భ్రమపడరాదు. వీరు దేహరక్షకులు. ఆటకు ముందు చీలమండలకు పట్టీలు చుట్టుట, బెణకు, వాపు మొదలగువానికి ఉపచారము చేయుట, గాయపడినవారిని తిరిగి ఆటకు యోగ్యులను గావించుట వీరి పనులు. బాస్కెట్‌బాల్ ఆడు స్త్రీలకు మోకాలిలోని ఒక ముఖ్యమైన స్నాయువు తెగు ప్రమాదము పురుషులకంటె ఎన్నో రెట్లు హెచ్చు. ఎగిరి దిగునప్పుడును, పరుగులో హఠాత్తుగా మలుపు తిరుగునప్పుడును, ఎవరును తాకకయే అది తెగవచ్చును. శస్త్రచికిత్స జరిగినను ఆటకు మరలుటకు సామాన్యముగ తొమ్మిది నెలలో, సంవత్సరమో పట్టును. సమ్మిట్ విద్యార్థిదశలో 1974లో ఆమెకును మోకాలికి ఇట్టి గాయమే తగిలెను. పట్టుదలతో కోలుకొని 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో తన దేశపు జట్టున ఆడి రజతపతకము గెలుచుకొన్నది.

ఇచ్చట ఒక గొప్ప ధర్మసూక్ష్మము కలదు. పోటీ ముఖ్యమైనది, ప్రేక్షకులు వేలకొలదిగా నున్నారు, మేటి క్రీడాకారిణి గాయపడియు, ఆడుదునని పట్టుపట్టుచున్నది, ఆమె లేనిదే గెలువలేమని శిక్షకురా లెఱుగును. అట్టి సమయమున ఆడవచ్చునో, ఆడరాదో నిర్ణయించువారు వైద్యులును, ట్రైనరును. వారు కూడదన్నచో ప్రధానశిక్షకురాలైనను కాదనరాదు. నేటి గెలుపుకంటె ఆ బాలిక నలువది యేండ్ల తరువాత నొప్పిలేక మెట్లెక్కుట ముఖ్యమని తలంచువారు ఒక్కరైనను జట్టులో నుండవలయును. ఆ ఒక్కరికి అధికారముకూడ నుండవలయును.

దేహదార్ఢ్యమును పెంచుటకు వేఱొక శిక్షకులు గలరు. ఎత్తుటకు బరువులు, దూకుటకు బల్లలు, పరుగునకు కొలతలు వీరు నిర్ణయింతురు. ఎగిరి దిగునప్పుడు మోకాళ్లు లోనికి వంగకుండునట్లు వీరు నేర్పు మెలకువ గాయములను తగ్గించును. ఆహారనిపుణులు ఎప్పు డేమి భుజింపవలయునో చెప్పుదురు. చలనచిత్రములు సిద్ధపఱచువారు గలరు. 40 నిమిషముల ఆటను చిన్నచిన్న తునుకలుగా కోసి, ఎవరి పొరపాటు వారికి చూపుదురు. పదిమార్లు చెప్పినను ఒప్పుకొనని తప్పును ఒక్కమారు కన్నులార చూచినప్పుడు ఒప్పుకొనుట మానవస్వభావము. ప్రయాణములు, బసలు, భోజనములు, లెక్కలు చూచుటకు ఒక కార్యనిర్వాహకులు ఉందురు.

ఇక మేనేజర్లనబడు విద్యార్థులు. వీరు చదువుకొనుచునే జట్టునకు ఊడిగము చేయువారు. అందఱికంటె ముందు వచ్చి బంతులను సిద్ధపఱచుదురు. అందఱికంటె వెనుక పోవుచు తువాళ్లు లెక్కించి ఉతుకునకు వేయుదురు. నేల తడిసినచోట వెంటనే తుడుతురు. చెమటబొట్టుపై జాఱి ఒకతె పడినచో ఆమె యేడాది శ్రమ వృథా యగును గనుక ఈ తుడుచుట చిన్నపని కాదు. స్త్రీల జట్లకు అభ్యాసమున ప్రత్యర్థులుగా నిలుచుటకు పురుషవిద్యార్థులును వత్తురు. వారు రాబోవు ఎదుటిజట్టు వ్యూహములను నేర్చికొని, వారివలెనే ఆడి చూపుదురు. పోటీనాడు వారికి అంగణమున చోటులేదు. పత్రికలలో వారి పేరు పడదు. ఐనను మఱునాడు మరల వత్తురు.

చివరగా చదువు చూచువారు. క్రీడాకారిణి మొదట విద్యార్థిని. ప్రయాణములవలన తప్పిన పాఠములు చెప్పించుటకును, పరీక్షలకు సిద్ధపఱచుటకును విద్యాసలహాదారులు నియమితులైరి. సమ్మిట్ ఈ విషయమున కఠినురాలు. తన జట్టువారు తరగతిలో మొదటి మూడు వరుసలలోనే కూర్చుండవలయుననియు, కారణము లేక పాఠము మానరాదనియు ఆమె కట్టడి. ఆమెవద్ద పూర్తికాలము ఆడినవారందఱు పట్టము పొందిరి. ఆమె జట్టు 1987 మొదలు 2008 వఱకు ఎనిమిదిమార్లు జాతీయవిజేతగా నిలిచెను. 1998లో 39 పోటీలాడి ఒక్కటియు ఓడలేదు. అయినను వీనికంటె పట్టములే ఘనతరములని తలంచుట న్యాయము. కప్పులు అల్మారాలో నిలుచును. చదువు మనుష్యుని వెంట నడచును.

ఇందఱి పొందిక యెంత గట్టిదో తెలియుటకు ఒక కష్టకాలము వచ్చెను. 2011 ఆగస్టు నెలలో, 59 సంవత్సరముల వయస్సున, తనకు జ్ఞాపకశక్తిని క్రమముగా హరించు ఆల్జైమర్ వ్యాధి సోకినదని సమ్మిట్ లోకమునకు వెల్లడించెను. తాను తలపెట్టిన వ్యూహమును తానే మఱచు స్థితి శిక్షకురాలికి ఎంత దారుణము! దాచిపెట్టవచ్చును, వెంటనే విరమింపవచ్చును. ఆమె ఆ రెండును చేయలేదు. వ్యాధిని చెప్పియే, ఆ యేడు జట్టుతోనే యుండుటకు నిశ్చయించుకొన్నది. విశ్వవిద్యాలయ మంగీకరించెను.

అప్పుడు భారమును మోసినవారు సహాయశిక్షకులు హోలీ వార్లిక్, మికీ డిమాస్, డీన్ లాక్‌వుడ్ అనువారు. వార్లిక్ 1976 నుండి 1980 వఱకు సమ్మిట్ శిష్యురాలుగా ఆడి, 1985లో ఆమెకు సహాయురాలుగా చేరినది. డిమాస్‌ కూడ అదే సంవత్సరమున చేరి, నడుమ కొన్నియేండ్లు ఇతర విశ్వవిద్యాలయములలో పనిచేసి, 2010లో మరలివచ్చినది. ఆటసమయమున ఆజ్ఞలిచ్చుట, ఆట ముగిసినపిమ్మట పత్రికలవారికి సమాధానము చెప్పుట మొదలగు పనులలో హెచ్చుపాలు వార్లిక్ వహించెను. ప్రధానశిక్షకురాలి ఆసనమున మాత్రము సమ్మిట్‌యే కూర్చుండెను. గురువు స్థానమును ఆక్రమింపక, గురువు పనిని నెఱవేర్చుట ఎంతటి వినయము! ఎంతటి నేర్పు! ఆ యేడు వారు 27 పోటీలు గెలిచి 9 ఓడిరి. తమ ప్రాంతీయ విశ్వవిద్యాలయముల పోటీలలో విజేతలై, జాతీయపోటీలలో తుది ఎనిమిది జట్లలో నిలిచి, 2012 మార్చిలో బేలర్ విశ్వవిద్యాలయము చేతిలో ఓడిపోయిరి. జాతీయకిరీటము దక్కలేదు. కాని ఆ ఓటమిని చిన్నదిగా నెంచువారు లేరు.

2012 ఏప్రిలులో సమ్మిట్ పదవిని విడిచెను. వార్లిక్ ఆ స్థానమున నియమింపబడి 2019 వఱకు పనిచేసెను. ముప్పదియెనిమిది యేండ్లలో 1,098 విజయములు సమ్మిట్ పేర లెక్కకు వచ్చెను. 2016 జూన్ 28వ తేదీన, 64 సంవత్సరముల వయస్సున ఆమె స్వర్గస్థురాలయ్యెను. ఒంటరిగా బండి తోలి, దుస్తులుదికి పని మొదలుపెట్టిన ఆమె, తన శక్తి సన్నగిలిననాడు ఒంటరి కాలేదు. తానున్నంతకాలము తనచుట్టు సమర్థులను పెంచుటయే దానికి కారణము. మఱ్ఱిమాను ముదిసినను ఊడలు దానిని నిలుపును గదా!

విద్యార్థులారా! అందఱును అంగణమున నడుమ నిలువలేరు. అందఱు నిలువవలసిన అవసరమును లేదు. మీ పాఠశాలలో ఆట జరుగునప్పుడు సున్నముతో గీతలు గీచువాడు, కుండలో నీరు నింపి తెచ్చు బాలిక, దెబ్బతగిలినవానికి గుడ్డ తడిపి కట్టువాడు, లెక్క వ్రాయునది, వీరందఱును జట్టులోనివారే. గెలిచిననాడు చప్పట్లు వారిని చేరవు. చప్పట్లు చేరకపోయినను పనిని మానకుండుట ఉత్తముల లక్షణము. ఆ చప్పట్లు తమకు మాత్రమే చెందినవి కావని తెలిసికొని, నీరు తెచ్చినవారిని పేరుపెట్టి పిలిచి గౌరవించుట విజేతల ధర్మము. ఈ రెండును తెలిసిన జట్టు ఓడిననాడును చెదరిపోదు.